పొలిమేర దాటిన చెత్త

ఇల్లూడ్చిన చెత్తను గడప దాటించినంతనే గృహస్థుడు తృప్తి చెందును. వీధులూడ్చిన చెత్తను పొలిమేర దాటించినంతనే పట్టణమును అట్లే తృప్తి చెందును. గడపకు ఆవల వీధి యున్నదనియు, పొలిమేరకు ఆవల మరియొక ఊరున్నదనియు ఆ క్షణమున ఇరువురికిని స్ఫురింపదు. కేరళ సముద్రతీరమున నున్న అలప్పుళ పట్టణము ఈ సంగతిని ఆలస్యముగా, కష్టముమీద నేర్చుకొన్నది.

18వ శతాబ్దమున తిరువాన్కూరు దివాను రాజా కేశవదాసు ఇచట రేవును వృద్ధిచేసి కాలువలు త్రవ్వించెను. మిరియములును, కొబ్బరి పీచును ఆ కాలువలవెంట పడవలపై ఓడరేవునకు చేరుచుండెడివి. కొచ్చిన్ రేవు పెరిగిన పిదప ఇచటికి వచ్చు ఓడలు తగ్గినవి. సరకు పడవలు తిరిగిన నీళ్ళలో క్రమముగా చెత్త తేలసాగెను. ఇది పల్లపు నేల, ఇసుక నేల. కొద్దిలోతు గొయ్యి తీసినను నీరూరును. ఇట్టి చోట పూడ్చిపెట్టిన మాలిన్యము పూడి యుండదు; అది మరల బావినీటిలో చేరును.

ఆ మాలిన్యమును పూర్వము ఎవరు మోసిరో తెలియగోరువారు తకళి శివశంకర పిళ్ళై 1947లో ప్రకటించిన ‘తోట్టియుడె మగన్’, అనగా ‘పాకీవాని కొడుకు’ అను నవలను చదువవలెను. అది ఈ పట్టణపు మరుగుదొడ్లను శుభ్రపరచిన మూడు తరముల కుటుంబపు కథ. తన కుమారుడైనను ఆ బాల్చీని చేతపట్టరాదని అందులో ఒక తండ్రి ఆరాటపడును. ఊరు తన మురికిని కొందరి నెత్తిన పెట్టి, ఆ మురికిని బట్టియే వారిని దూరముగా నుంచెను. మనుష్యులచేత మలము నెత్తించుటను 1993లో ఒక చట్టమును, 2013లో మరింత కఠినమైన మరియొక చట్టమును నిషేధించినవి. బాల్చీకి బదులు లారీ వచ్చినది. కాని దూరమునకు నెట్టివేయు బుద్ధి మాత్రము వెంటనే మారలేదు.

ఆ లారీలు పట్టణమునకు ఉత్తరముననున్న సర్వోదయపురము అను పల్లెకు పోవుచుండెను. అందరి అభ్యుదయమును పేరున ధరించిన ఆ పల్లెకు దక్కినది అందరి చెత్త. దుర్గంధమును, ఈగలను, చెడిన నీటిని ఏండ్లతరబడి సహించిన గ్రామస్థులు 2012లో లారీల కడ్డుపడిరి. చెత్త పట్టణపు వీధులలోనే గుట్టలుగా పేరుకొన్నది. దానిని చూచి ముక్కు మూసికొన్న పౌరులు, పల్లెవారు ఇన్నాళ్ళు ఎట్లు బ్రతికిరో అప్పుడు గ్రహించియుందురు.

ఆ సంవత్సరాంతమున ‘నిర్మల భవనం, నిర్మల నగరం’ అను కార్యక్రమము మొదలయినది. ఎవరి చెత్త వారి కడనే ఎరువు కావలెననుట దాని సూత్రము. కొన్ని ఇండ్లలో గొట్టములలో ఎరువు తయారయ్యెను. కొన్ని ఇండ్లలో వంటింటి వ్యర్థము బయోగ్యాసై మరల ఆ వంటింటి పొయ్యినే వెలిగించెను. ఇంట చోటు లేనివారికొరకు వీధులలో తుంబూర్‌ముళి పద్ధతి తొట్లను నెలకొల్పిరి. గాలి చొరబడునట్లు సందులు విడిచి కట్టిన ఆ తొట్టిలో పేడ, ఎండుటాకులు, చెత్త వరుసలు వరుసలుగా పరచుదురు. లోపల వేడి పుట్టి, సుమారు 90 దినములకు అది ఎరువగును. గాలి తగులని చోట కుళ్ళి కంపుగొట్టు పదార్థమే గాలి తగిలినచో మట్టివాసన వేయును. 2017లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ, చెత్త సమస్యను ఎదుర్కొనుచున్న అయిదు నగరములను పేర్కొనుచు అందు అలప్పుళను చేర్చినది.

అయినను పని ముగియలేదు. ప్లాస్టిక్కు ఏ తొట్టిలోను ఎరువు కాదు. దానిని కేరళమున హరితకర్మసేన స్త్రీలు ఇంటింటికి తిరిగి, స్వల్ప రుసుము పుచ్చుకొని సేకరింతురు. పిదప దానిని రకములుగా వేరుచేయుదురు. అందు కొంత భాగము తునకలై, తారులో కలిసి రహదారి యగుచున్నది. ఆ స్త్రీ వాకిట నిలిచినప్పుడు ఇంటివారు ఆమె చేతికి ఏమి ఇత్తురు? కడిగి ఆరబెట్టిన సంచియా, చేపపొలుసులంటి పురుగు పట్టిన సంచియా? రెండవది ఇచ్చిన ఇంట నాటి బాల్చీ మరల ఒకరి చేతికి చేరినట్లే. సంచిని కడుగుటకు చెంబెడు నీళ్ళు చాలును. ఆ చెంబెడు నీళ్ళను ఖర్చుపెట్టు ఇల్లు, తన వాకిటికి వచ్చినది చెత్తబండి కాదనియు, ఒక మనిషి యనియు గుర్తించిన ఇల్లు.