గోల్కొండ బండిలో నాలుగు ఊళ్లు

గంగారం నుంచి ఆలుమగలు తీరుబడిగా రైలు ప్రయాణం చేయాలంటే ముందు బస్సెక్కాలి. మహబూబాబాద్ జిల్లా ఉత్తరపు కొసన, అడవి అంచున ఉన్న ఈ మండలానికి రైలు లేదు. కొత్తగూడ, గూడూరు దాటుకుని మానుకోట స్టేషనుకు చేరాలి. మహబూబాబాద్ అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా జనం నోట్లో అది మానుకోటే. పెళ్లికో, దవాఖానకో, తిరుపతి మొక్కుకో తప్ప భార్యాభర్తలు ఊరికే రైలెక్కడం ఇక్కడ తక్కువ. స్కాట్లాండ్‌లో అయితే ఫోర్ట్ విలియం నుంచి మల్లేగ్ దాకా నెమ్మది రైలులో వెళ్లడమే ఒక సెలవు విహారం. ఇక్కడి దారి అంతకు తీసిపోదు, చెప్పేవాళ్లే లేరు.

ఈ దారి పుట్టింది యాత్రల కోసం కాదు, బొగ్గు కోసం. 1871లో భూగర్భశాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. ఇల్లందును చుట్టుపక్కల వాళ్లు ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. నిజాం గ్యారంటీడ్ రైల్వే 1886లో వరంగల్‌కు, 1888లో డోర్నకల్‌కు, ఆ మరుసటేడు బెజవాడకు చేరింది. స్కాట్లాండ్‌లో పేరుమోసిన ఫోర్త్ వంతెన మీద రైళ్లు తిరగడం మొదలైంది 1890లో. రెండూ ఒకే ఈడువి.

మొదటి మజిలీకి సికింద్రాబాద్‌కు ఎదురు దిక్కు పట్టాలి. మానుకోట నుంచి గార్ల దాటితే డోర్నకల్. ఇక్కడి ఎపిఫనీ కెథడ్రల్‌ను మనదేశపు తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించాడు. 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. గుడి స్తంభాలు, మసీదు గుమ్మటాలు, లోపల క్రైస్తవ ఆరాధన. మూడింటినీ ఒకే కప్పు కింద కలిపి చూపడంలో ఆయన పట్టుదల కనిపిస్తుంది. గంట సేపు చాలు. కానీ నీడలో కూర్చుంటే రెండు గంటలు తెలియకుండానే గడుస్తాయి.

అక్కడి నుంచి పైకి గోల్కొండ ఎక్స్‌ప్రెస్. పేరుకు ఎక్స్‌ప్రెసే గాని కేసముద్రం, నెక్కొండ లాంటి ఊళ్లనూ పలకరించి పోతుంది. ఎండాకాలం మొదట్లో కిటికీ పక్క సీటు దొరికితే కల్లాల్లో ఆరబోసిన మిర్చి ఎర్రగా కనబడుతుంది, ఘాటు పెట్టెలోకీ వస్తుంది. వానాకాలంలో మాత్రం ఈ ప్రయాణం వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరద కట్టను కోసేసి పట్టాలను గాలిలో వేలాడదీసింది.

వరంగల్‌లో రాత్రి బస. కోటలోని నాలుగు శిలాతోరణాలు పొద్దున్నే చూడాలి, 1163 నాటి వేయిస్తంభాల గుడి సాయంత్రం. రామప్ప గుడికి రైలు లేదు కాబట్టి ఈసారికి వదిలేయాలి. పక్కనున్న కాజీపేట దగ్గర బల్లార్షా దారి విడిపోతుంది, మన బండి సికింద్రాబాద్ దారిన పోతుంది.

అసలు ఆగాల్సింది జనగామలో. అక్కడి నుంచి ఆటోలో పెంబర్తి. ఇత్తడి, రాగి రేకులతో దేవుళ్ల తొడుగులు, వాహనాలు, ధ్వజస్తంభాల కవచాలు చేసే విశ్వకర్మల ఊరు ఇది. రేకును మెత్తబడిన లక్క మీద పరచి, ఉలిని పెట్టి సుత్తితో చిన్నగా కొడతారు. లక్క లొంగినంత మేర రేకు కుంగుతుంది. కుంగిన చోటు అవతలి వైపు ఉబ్బుతుంది. అంటే సింహం ముఖం చెక్కేవాడు దాన్ని వెనక నుంచి, తిరగేసి చూసుకుంటూ చేస్తాడు. రేకు బిగుసుకుపోతే కాల్చి మెత్తబరచి మళ్లీ మొదలు. మగవాళ్లు పనిముట్ల దగ్గర ఆగిపోతారు, ఆడవాళ్లు దీపపు కుందెల ధర అడుగుతారు. తిరుగుప్రయాణంలో ఆ బరువు మోసేది మాత్రం అడిగినవాళ్లు కాదు.

ఆలేరులో దిగితే కొలనుపాక జైన మందిరం దగ్గరే. చివరి ఊరు భువనగిరి. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మీద త్రిభువనగిరి అయిన ఈ కొండ ఒకే బండరాయి. కోట పైకి మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్లు నొప్పున్నవాళ్లు సగంలో ఆగి సద్ది విప్పుకోవడం మేలు. సకినాలు ఇంకా మిగిలుంటే.

మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో బయలుదేరిన గోల్కొండ భువనగిరిలో ఎక్కించుకుని సాయంత్రానికి మానుకోటలో దించుతుంది. గంగారం బస్సు వెళ్లిపోయి ఉంటే గూడూరు దాకా ఏది దొరికితే అది, అక్కడి నుంచి ఆటో.