దోషమెచ్చట నున్నది?

దూరగ్రహములను పరిశోధించు యంత్రములను నిర్మించుటలో నాకు ముప్పది యేండ్లు గడచినవి. మా యింటికి వచ్చినవారెల్లరు నన్నడుగు ప్రశ్న యొక్కటియే: "ఆ గ్రహము మీకెట్లు కనబడినది?" కనబడలేదనియే నా యుత్తరము.

నక్షత్రపు వెలుగులో దాని గ్రహము మరుగుపడిపోవును. అయినను అది చుట్టు తిరుగుచు నక్షత్రమును గూడ నించుక కదల్చును. మా యంత్రము ఆ వెలుగును రంగులుగా విడదీసి, అందలి నల్లని రేఖలు జరుగుటను బట్టి యా కదలికను కొలుచును. మన సూర్యుని గురుగ్రహము సెకనునకు సుమారు 12 మీటర్ల వేగముతో కదల్చుచున్నది. భూమి కదల్చునది 9 సెంటీమీటర్లు మాత్రమే. పాకెడు పసిబిడ్డయు నింతకంటె వడిగా పోవును.

గది కొంచెము వెచ్చబడినను, గాలి యొత్తిడి మారినను ఆ రేఖలు జరుగును. అందుచేతనే 2003లో చిలీ దేశమున లాసియ్యా వేధశాలయందు నెలకొల్పిన హార్ప్స్ యంత్రమును గాలి తీసివేసిన పాత్రలో నుంచి, డిగ్రీలో నూరవవంతు మాత్రమే వేడిమి మారునట్లు కాపాడిరి. కావున రేఖ జరిగినంతనే గ్రహము దొరికినదని మేము కేక వేయము. మొదట యంత్రమునే శంకింతుము. ఫ్రాన్సు దేశపు ఓత్ ప్రొవాన్స్ వేధశాలనుండి చూడగా 51 పెగాసి యను నక్షత్రము ఇంచుమించు నాలుగు దినముల కొకమారు ముందు వెనుకల కూగుచుండెను. డిడియే క్వెలోజ్ మొదట తన లెక్కలనే యనుమానించెను. పలుమారులు పరీక్షించిన పిమ్మటనే 1995లో ఆయనయు మిషెల్ మేయరును అది గ్రహమని ప్రకటించిరి. అందులకు వారికి 2019లో నోబెల్ బహుమానము లభించినది.

ఒకమారు నాకును అట్టి కదలిక చిక్కినది. కొన్ని రాత్రులు సంతోషముచే నిద్రపట్టలేదు. తుదకు తేలినదేమన, కదలినది నక్షత్రము కాదు. మా గది వెచ్చదనమే మారుచుండెను. సిగ్గుపడితిని. ఆ వేకువను నాకు మా యక్క జ్ఞప్తికి వచ్చినది.

ఆమె జాతకమున కుజదోషమున్నదని మూడు సంబంధములు తిరిగిపోయినవి. మా తండ్రిగారు శాంతులు చేయించిరి. నాలవవారికి కట్నము రెట్టింపు చేసినంతనే ఆ దోషము కానరాలేదు! ఆ కొలత సరియైనదా యని యప్పుడు మాలో నొక్కరైనను అడుగలేదు, నేనును అడుగలేదు.

మొన్న ఆమె నన్నడిగినది: "తమ్ముడూ, మీరు కనిపెట్టిన గ్రహములలో ఆడపిల్లలకు కీడు చేయునవి యున్నవా?" నవ్వుచునే యడిగినది గాని నాకు నవ్వు రాలేదు.

చదువరులారా! మీ యింట జాతకము విప్పిననాడు ఈ యంత్రకారుని మాట యొకటి తలంపుడు: గ్రహమునందు దోషమనుటకు ముందు, కొలిచినవానియందు దోషము లేదని తేల్చుకొనుడు.