దిగబెట్టి రమ్మంటే.. దారిలో నేనే ఆగిపోయా!

అమెరికా చదువు అనగానే మన ఇళ్లలో లెక్కలన్నీ ఐ-20, లోన్, వీసా చుట్టూనే తిరుగుతాయి. ఆ మూడూ చేతికొస్తే సగం దూరం వెళ్లిపోయినట్టే అనుకుంటాం. ప్రయాణానిదేముంది, టికెట్ కొంటే విమానమే తీసుకెళ్తుంది అంటాం. 2025 ఆగస్టులో మా చెల్లిని ఎమ్మెస్‌లో చేర్చడానికి బయల్దేరేదాకా మా ఇంట్లోనూ అదే మాట.

మాది ఖమ్మం. చెల్లికి సీటొచ్చింది అయోవా రాష్ట్రంలోని ఏమ్స్ అనే చిన్న ఊళ్లో. అమ్మ ఆ పేరు చెప్పగానే వీధిలో సగంమంది ‘ఎయిమ్స్‌లో డాక్టరు సీటా!’ అని స్వీట్లు అడిగారు. అదికాదు, మొక్కజొన్న చేల మధ్య ఉండే యూనివర్సిటీ టౌన్ అని చెబితే, ‘మన దగ్గర లేదా మొక్కజొన్న?’ అన్నారు.

మేం వెళ్లిన బ్యాంకులో లోన్ 7.5 లక్షలు దాటితే తాకట్టు పెట్టాల్సిందే. దాంతో ఇంటి కాగితాలు బీరువాలోంచి బ్యాంకుకు వెళ్లిపోయాయి. ఈలోగా మే చివర్లో స్టూడెంట్ వీసాలకు కొత్త అపాయింట్‌మెంట్లు ఆపేశారు. జూన్‌లో మళ్లీ మొదలుపెట్టినా స్లాట్ దొరకడం గగనమైంది. చెల్లి చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసొచ్చింది. వీసా వచ్చాక వెళ్లి 108 పూర్తి చేసింది. పాస్‌పోర్టు చేతికొచ్చేసరికి ఆగస్టు వచ్చేసింది.

ఆఫీసు పని కోసం తీసుకున్న బీ1/బీ2 వీసా నా దగ్గర ఉంది. అమ్మానాన్నలకు లేదు. అందుకే ‘నువ్వెళ్లి దిగబెట్టి రారా’ అంది అమ్మ. దిగబెట్టడం అనేది మా ఇంట్లో పెద్ద మాట. నన్ను ఇంటర్ హాస్టల్లో చేర్చినప్పుడు నాన్న విజయవాడ బస్సులో ట్రంకుపెట్టె, బకెట్, పరుపుచుట్ట మోసుకొచ్చాడు. వార్డెన్‌తో మాట్లాడి, గదిలో ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూసి, నా చేతిలో రెండొందలు పెట్టి ఆఖరి బస్సుకు వెళ్లిపోయాడు. చెల్లికి నేనూ అంతే చేయాలి. కాకపోతే ఒక బస్సు బదులు మూడు విమానాలు.

సోమవారం తేదీ

ఐ-20 మీద ప్రోగ్రామ్ స్టార్ట్ డేట్ అని ఒకటి ఉంటుంది. కొత్తగా ఎఫ్-1 వీసా మీద వెళ్లేవాళ్లు ఆ తేదీకి 30 రోజుల ముందు నుంచి మాత్రమే అమెరికాలో అడుగుపెట్టొచ్చు. తేదీ దాటేలా ఉంటే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుతో ముందే మాట్లాడి, ఆలస్యంగా రావొచ్చని లెటర్ తీసుకోవాలి. లేదంటే ఇమిగ్రేషన్‌లో ఇబ్బందే. చెల్లి ఐ-20లో ఆ తేదీ సోమవారం.

మా ప్లాన్ ఇదీ. శనివారం తెల్లవారుజామున శంషాబాద్‌లో ఎక్కుతాం. గల్ఫ్‌లో విమానం మారి మధ్యాహ్నానికి షికాగో, రాత్రికి డిమోయిన్, అక్కణ్నుంచి కారులో ఏమ్స్. వాళ్ల గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది కాబట్టి ఇదంతా ఒక్క శనివారంలోనే అయిపోతుంది. ఆదివారం రెస్టు. ఎంత బావుందో వినడానికి!

శంషాబాద్‌లో ఎక్కి కూర్చున్నాం. తలుపులు మూశారు. విమానం కదల్లేదు. ‘చిన్న టెక్నికల్ సమస్య, పావుగంట’ అన్నారు. పావుగంట అయ్యాక మళ్లీ పావుగంట అన్నారు. రెండున్నర గంటల తర్వాత అందర్నీ దింపేశారు. చివరికి ఆరున్నర గంటల ఆలస్యంతో బయల్దేరి గల్ఫ్‌లో దిగేసరికి మా షికాగో ఫ్లైట్ వెళ్లిపోయి నాలుగు గంటలైంది.

ట్రాన్స్‌ఫర్ డెస్క్ ముందు క్యూ చూస్తే సాయంత్రం ఆరింటికి దిల్‌సుఖ్‌నగర్ బస్టాప్ గుర్తొచ్చింది. ఆగస్టు కదా, ఎక్కువమంది స్టూడెంట్లే. వీపున ల్యాప్‌టాప్ బ్యాగు, చేతిలో ఐ-20 ఫైలు. ముందూ వెనకా తెలుగే వినిపిస్తోంది. 2023-24లో అమెరికాలో మన దేశం విద్యార్థులు 3,31,602 మంది అని ఓపెన్ డోర్స్ నివేదికలో చదివా. అప్పుడు అదొక అంకె. ఈ క్యూలో మాత్రం ప్రతి ఒక్కరి వెనకా ఒక లోనో, తాకట్టు పెట్టిన ఇల్లో ఉందనిపించింది.

మూడు గంటలకు మా వంతు వచ్చింది. ‘రేపు పొద్దున షికాగో ఫ్లైట్‌లో ఒక్క సీటుంది. రెండోది ఎల్లుండి’ అన్నారు. ఇద్దరం ఒకే పీఎన్ఆర్‌లో ఉన్నామని చెప్పా. ఇంకో ఊరి మీదుగా పంపమన్నా. అన్నీ ఫుల్. సూపర్‌వైజర్‌ను పిలవమన్నా. ఆయనొచ్చి అదే స్క్రీన్ చూసి అదే మాట చెప్పాడు. హోటల్ సంగతేంటని అడిగితే, ‘లిస్టులో మీ పేరు రాశాం’ అని రెండు ఫుడ్ కూపన్లు చేతిలో పెట్టాడు.

నేనింకా వాదిస్తూనే ఉన్నా. చెల్లి తన పాస్‌పోర్టు కౌంటర్ మీద పెట్టి, ‘ఆ ఒక్క సీటు నాకివ్వండి’ అని ఇంగ్లిష్‌లో అడిగింది. తర్వాత నావైపు తిరిగి, ‘అన్నా, సోమవారం తేదీ నాది. నీది కాదు’ అంది.

చిన్న విమానం బొమ్మ

లిస్టులో రాసిన హోటల్ రానేలేదు. రాత్రంతా గేటు దగ్గర నేలమీదే. ఆ ఏసీ చలికి చొక్కా మీద చొక్కా వేసుకుని కూర్చున్నాం. చెల్లి ఫైలు ఇంకోసారి సర్దుకుంది. ఐ-20, సెవిస్ ఫీజు రశీదు, అడ్మిషన్ లెటర్, లోన్ శాంక్షన్ లెటర్, రూమ్ లీజు. అన్నీ చేతిసంచిలోనే ఉన్నాయి, చెకిన్ బ్యాగులో ఒక్కటీ వేయలేదు.

నాకు తెలిసినవన్నీ చెప్పా. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్ ఉంటుంది. అక్కడే బ్యాగులు తీసుకుని, కస్టమ్స్ దాటాక తర్వాతి విమానానికి మళ్లీ వేయాలి. షికాగోలో టెర్మినల్ 5లో దిగుతావు, మిగతా టెర్మినళ్లకు ఎయిర్‌పోర్టు ట్రెయినే ఉంటుంది. డిమోయిన్ స్పెల్లింగ్‌లో రెండు ఎస్‌లుంటాయి, రెండూ పలకరు. ‘డెస్ మోయినెస్’ అని పిలుస్తారేమోనని ఎదురుచూస్తూ కూర్చోకు.

‘అయిపోయిందా? ఇక పడుకో’ అంది.

పొద్దున తను గేటు దాటి వెళ్లిన కాసేపటికే అమ్మ ఫోన్.

‘చెల్లికివ్వు.’

‘విమానం ఎక్కేసిందమ్మా.’

‘మరి నువ్వు?’

‘నాది రేపు.’

అటువైపు కాసేపు మాటల్లేవు. ‘దిగబెట్టి రమ్మంటే దారిలో నువ్వే ఆగిపోతే ఎట్లారా?’ అంది. నాన్న ఫోన్ తీసుకున్నాడు. ‘సీటు దొరికింది, అదే గొప్ప. పిల్ల చూసుకుంటది’ అన్నాడు. అలా అన్న మనిషే అరగంటకోసారి ‘ఎక్కడిదాకా పోయింది?’ అని వాట్సాప్‌లో అడుగుతూనే ఉన్నాడు.

నేను ఫ్లైట్ ట్రాకర్ యాప్‌లో చిన్న విమానం బొమ్మను చూస్తూ కూర్చున్నా. నాది సాఫ్ట్‌వేర్ పని. సర్వర్ జవాబివ్వకపోతే లాగ్స్ చూస్తాం, రీస్టార్ట్ చేస్తాం, ఏదో ఒకటి చేస్తాం. ఇక్కడ చేయడానికి ఏమీ లేదు. ఆ బొమ్మ సముద్రం మీద ఉన్నట్టు చూపిస్తుంది, అంతే. బ్యాంకులో ఇంటి కాగితాలు, షికాగోలో ఒక ఆఫీసర్, ఆయన వేసే ఒక్క స్టాంపు. బుర్రలో ఇవే తిరిగాయి.

దాదాపు 16 గంటల తర్వాత మెసేజ్: ‘బయటికొచ్చా. బ్యాగులు రాలేదు. ట్రెయిన్ ఎక్కుతున్నా.’

ఏం చదవబోతున్నావు, ఫీజు ఎవరు కడతారు అని ఆఫీసర్ అడిగాడట. ఇంత ఆఖరి నిమిషంలో ఎందుకొచ్చావు అని కూడా అడిగాడట. చెల్లి ఫైల్లోంచి ఒక కాగితం తీసి చూపించింది. ఫ్లైట్ ఆలస్యమైందని ఎయిర్‌లైన్ ఇచ్చిన లెటర్ అది. నేను సూపర్‌వైజర్‌తో గొడవపడుతున్న టైంలో పక్క కౌంటర్‌లో అడిగి తీసుకుందని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి డిమోయిన్‌లో దిగాక బ్యాగుల కౌంటర్‌కు వెళ్లి ఫిర్యాదు రాయించి, పీఐఆర్ నంబరు తీసుకుంది. బ్యాగు రాలేదని రికార్డు చేసే రిపోర్టు అది. సీనియర్లు కారులో వచ్చి తీసుకెళ్లారు. కార్పెట్ మీద, అడిగి తెచ్చుకున్న దుప్పటితో పడుకుంది. సోమవారం పొద్దున యూనివర్సిటీకి వెళ్లి చెకిన్ పూర్తి చేసింది. అప్పటికి నేను గల్ఫ్‌లో 44 గంటలు గడిపి, రెండో విమానంలో ఉన్నా.

ఊరు చూపించింది తనే

సోమవారం రాత్రి డిమోయిన్‌లో నన్ను తీసుకెళ్లడానికి చెల్లే వచ్చింది, సీనియర్ కారులో. ‘తిన్నావా?’ అని మొదటి మాట. మర్నాడు సైరైడ్ బస్సు ఎక్కించి ఊరంతా చూపించింది. ఏ స్టాపులో దిగితే డిపార్ట్‌మెంట్, ఎక్కడ బియ్యం దొరుకుతాయి, ఏ సిమ్ చవక అన్నీ తనే చెప్పింది. నేను గదిలో స్మోక్ అలారం పనిచేస్తోందో లేదో చూశా. నాన్న ఫ్యాన్ చూసినట్టు.

బ్యాగుల కథ మాత్రం సాగింది. ఒకటి బుధవారం వచ్చింది. రెండోదాని ఆచూకీ లేదు. ఇలాంటప్పుడు అక్కరకొచ్చేది 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం. అంతర్జాతీయ ప్రయాణాల్లో బ్యాగు ఆలస్యమైతే అది చేతికొచ్చిన 21 రోజుల్లో, పాడైపోయి వస్తే 7 రోజుల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 21 రోజులైనా రాకపోతే పోయినట్టే లెక్క. 2024 డిసెంబరు 28 నుంచి పరిహారం గరిష్ఠ పరిమితి మనిషికి 1,519 ఎస్‌డీఆర్, అంటే రెండువేల డాలర్లకు కాస్త పైన. అంతా ఇచ్చేస్తారని కాదు, నష్టం చూపించుకోవాలి. అందుకే దిండు, దుప్పటి, రెండు జతల బట్టలు కొన్న రశీదులన్నీ చెల్లి ఫొటోలు తీసి పెట్టుకుంది. బ్యాగు ట్యాగులు, బోర్డింగ్ పాసులు కూడా పారేయలేదు. నెలన్నర మెయిళ్లు రాశాక ఆ డబ్బు తిరిగొచ్చింది.

శుక్రవారం నేను తిరుగు విమానమెక్కేటప్పుడు పెద్దగా ఏం మాట్లాడుకోలేదు. ‘కనెక్షన్‌కు ఎంత టైముంది?’ అని అడిగింది. నాలుగు గంటలన్నాను. ‘సరే, ఛార్జర్ చేతిసంచిలో పెట్టుకో’ అంది.

రెండో బ్యాగు తొమ్మిదో రోజున దొరికింది. అప్పటికి నేను హైదరాబాద్‌లో, ఆఫీసులో ఉన్నా. కుక్కర్, చలికోట్లు, అమ్మ సర్దిన పచ్చళ్లు అన్నీ అందులోనే. చికెన్ పచ్చడి కూడా పెడతానంటే, మన దగ్గర్నుంచి మాంసం పచ్చళ్లు అక్కడికి తీసుకెళ్లనివ్వరని నేనే తీయించా. చెల్లి బ్యాగు తెరిచి ఫ్యామిలీ గ్రూపులో ఫొటో పెట్టింది. ఆవకాయ సీసా పగల్లేదు. కింద ఇలా రాసింది: ‘కుక్కర్ ఆల్రెడీ కొనేశానమ్మా. ఇది మాత్రం టైంకి వచ్చింది.’