పేరు చెప్పని గురువు

రాయపూరు డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో దసరా అనగానే రావణదహనం జ్ఞాపకం వస్తుంది. ఉద్యోగరీత్యా ఆంధ్రదేశం నుండి వచ్చి ఇక్కడ స్థిరపడిన మా వంటి కుటుంబాలకు మాత్రం అవి పిల్లల ఆటపాటల దినాలు కూడా.

1996 దసరాలకు మా అమ్మాయిచేత క్షేత్రయ్య పదమొకటి అభినయింపజేయాలని సంకల్పించాము. నేర్పేవారు లేక చింతిస్తూ ఉండగా పక్క క్వార్టరు మామ్మగారు, "నేను చెప్తానులే అమ్మా" అన్నారు. పదవీ విరమణ చేసిన ఫిట్టరుగారి భార్యగా తప్ప వారిని మేమెరుగము. చాపమీద కూర్చునే, ఒక్క పల్లవిని పదిమార్లు పాడి, పదిమార్లూ వేరు వేరు భావాలతో అభినయించి చూపారు. మేము నివ్వెరపోయాము.

ఎక్కడ నేర్చారని అడుగగా చాలాసేపు మౌనం వహించి, "మా అమ్మ గుళ్ళో కుంభహారతి ఇచ్చేదమ్మా. నా చిన్నతనంలోనే గజ్జెలు పెట్టెలో పెట్టేశారు" అన్నారు.

1947 నాటి మద్రాసు చట్టం బాలికలను దేవాలయాలకు అంకితం చేయడాన్ని నిషేధించింది. అది అవసరమైన సంస్కరణ. అయితే దురాచారంతోపాటు, తరతరాలుగా కళావంతుల స్త్రీలు కాపాడిన విద్య కూడా గడప దాటలేకపోయింది. నటరాజ రామకృష్ణగారు (1923–2011) అట్టి వృద్ధ కళాకారిణులను ఆశ్రయించి, ఆ సంప్రదాయానికి ఆంధ్రనాట్యంగా పునర్జీవం కల్పించారు. మా ఇండ్లలో మాత్రం 'భోగంమేళం' అనే మాట పరిహాసానికే మిగిలింది. మేమూ నవ్విన వారమే.

ప్రదర్శననాడు గురువు పేరు ప్రకటిస్తామంటే మామ్మగారు మా చేయి పట్టుకున్నారు. "వద్దమ్మా. మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు." మేము మాట ఇచ్చాము. కరతాళధ్వనులు మ్రోగుతూ ఉండగా వారు వెనుక వరుసలో కొంగుతో కన్నులు ఒత్తుకోవడం చూశాము.

కొన్నేళ్లకు సర్గుజా జిల్లా రామ్‌గఢ్ కొండకు వెళ్లాము. అక్కడి జోగీమారా గుహలో బ్రాహ్మీ లిపిలో ఒక ప్రాచీన శాసనమున్నది. సుతనుక అనే దేవదాసిని దేవదిన్నుడనే శిల్పి ప్రేమించాడని దాని భావం. రెండువేల యేండ్లు దాటినా ఆమె పేరు శిలపై నిలిచే ఉన్నది. మా కాలనీలో మాత్రం ఒక గురువు పేరు మైకులో చెప్పలేకపోయాము.

మామ్మగారు నేడు లేరు. ఇచ్చిన మాట ప్రకారం ఇక్కడా వారి పేరు వ్రాయడం లేదు. మా అమ్మాయి మాత్రం తన కుమార్తెకు ఆ పదం నేర్పుతూ, మొదట వారికి నమస్కరింపజేస్తుంది. ఆ ఇంట వారి పేరు నిస్సంకోచంగా వినిపిస్తుంది.