రెండు రోజుల్లో విశాఖపట్నం

పిల్లలూ, సెలవులకు ఏదైనా కొత్త ఊరు వెళ్ళబోతున్నామంటే మీరు మొట్టమొదట ఏం చేస్తారు? అక్కడ చూడవలసినవన్నీ ఒక కాగితం మీద రాసుకుంటారు. సరదా అయిన పనే. కాని జాబితా రాయటం వేరు, ప్రయాణానికి ఏర్పాటు చేసుకోవటం వేరు. జాబితాలో ఎన్నయినా రాయవచ్చు. రోజుకు ఉన్నవి మాత్రం ఇరవైనాలుగు గంటలే. అందులో నిద్రా, స్నానమూ, భోజనమూ, దారీ పోగా మిగిలేవి ఏ ఏడో, ఎనిమిదో. ఆ కాస్త వేళనూ ఎలా పంచుకోవాలి? మా పెద్దనాన్నగారూ, ఆయన మనవడూ, మనవరాలూ విశాఖపట్నం వచ్చినప్పుడు మేం ఎలా పంచుకున్నామో చెబుతాను, వినండి.

పెద్దనాన్నగారిది అనంతపురం జిల్లా. ముప్ఫైనాలుగేళ్ళు బడిలో భూగోళం చెప్పారు. ఆయన శుక్రవారం సాయంత్రం మా ఊళ్ళో రైలు దిగి, ఆదివారం రాత్రి తిరిగి రైలెక్కాలి. అంటే ఉన్నవి రెండే రోజులు. పదమూడేళ్ళ మనవడు వారం ముందే నాకు ఒక జాబితా పంపాడు. అందులో ఏమేమున్నాయో చూడండి: ఆర్.కె. బీచి, కురుసుర జలాంతర్గామి, దానికి ఎదురుగా ఉన్న టి.యు.142 విమానం, విశాఖ మ్యూజియం, కైలాసగిరి, జంతుప్రదర్శనశాల, ఋషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు, భీమిలి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ కొండ, యారాడ, ఓడలు కట్టే కర్మాగారం, ఉక్కు కర్మాగారం, బొర్రా గుహలు, అరకు. మొత్తం పదిహేడు!

శుక్రవారం రాత్రి భోజనాలయ్యాక నేను ఊరి పటం నేల మీద పరిచాను. విశాఖపట్నం సముద్రం వెంట పొడుగ్గా సాగిన ఊరు. బీచీ, జలాంతర్గామీ, విమానమూ, మ్యూజియమూ నడిమధ్యన దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఉత్తరంగా భీమిలి రోడ్డు పట్టుకుంటే కైలాసగిరీ, ఋషికొండా, తొట్లకొండా, ఎర్రమట్టి దిబ్బలూ వరసగా వస్తాయి. రేవూ, డాల్ఫిన్స్ నోసూ, యారాడా, ఉక్కు కర్మాగారమూ దక్షిణాన. సింహాచలం లోపలి వైపు, కొండల్లో. బొర్రా గుహలు సుమారు 90 కిలోమీటర్లు, అరకు సుమారు 115 కిలోమీటర్లు.

"అరకు వెళ్ళితీరాలి చిన్నాన్నా! రైలు యాభైకి పైగా సొరంగాల్లోంచి పోతుందట!" అన్నాడు పిల్లవాడు. వాడన్నది నిజమే. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి, జపానుకు పంపటం కోసం 1960లలో తూర్పు కనుమలను తొలిచి ఆ మార్గం వేశారు. దారిలో ఉన్న శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. మన దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఒకప్పుడు అన్నిటికన్నా ఎత్తయినది అదే. చూడదగ్గదే. కాని అరకు వెళ్ళి రావటానికి ఒక పగలంతా పోతుంది.

"ముందు ఒక పని చేద్దాం. అన్నీ చూడలేం గనక, ఏ ఒక్కటి చూడకపోతే ఇంత దూరం వచ్చి లాభం లేదనిపిస్తుందో, అది ఒక్కొక్కరూ చెప్పండి," అన్నాను.

పిల్లవాడు అరకు అన్నాడు. పదేళ్ళ మనవరాలు జలాంతర్గామి అన్నది. పెద్దనాన్నగారు కొంచెంసేపు ఊరుకుని, "ఓడ రేవులోకి వస్తూండగా చూడాలి నాయనా," అన్నారు.

ఆ సంగతి పదిహేడింటిలోనూ లేదు!

"ముప్ఫైనాలుగేళ్ళు పిల్లలకు పటం చూపించి, ఇది విశాఖపట్నం, సహజమైన రేవు అని చెప్పాను. ఓడ అన్నది నేను బొమ్మల్లో చూడటమే. ఇప్పుడు నా కళ్ళకు నీటికాసులు వచ్చినై. చూపు పక్కల నుంచి మూసుకుపోతూ వస్తున్నది. పోయిన చూపు తిరిగి రాదన్నాడు డాక్టరు. ఉన్నప్పుడే చూద్దామని," అన్నారాయన. వెంటనే మళ్ళీ, "దానికేం? పిల్లల్ని అరకు తీసుకుపో. నేనింట్లో కూర్చుంటాను," అన్నారు.

ఓడ చూడటంలో ఉన్న చిక్కేమిటంటే, దానికి రైలుకున్నట్టు మన చేతిలో టైముటేబులు ఉండదు. ఓడ వచ్చి బయట సముద్రంలో లంగరు వేసుకుని కాచుకుంటుంది. రేవులో చోటు ఖాళీ కావాలి, గాలీ పోటూ అనుకూలించాలి. అప్పుడు గాని కదలదు. అంచేత ఒక ఉదయం చాలదు, రెండు ఉదయాలూ వదిలిపెట్టుకోవాలి. రెండు ఉదయాలు వదిలిపెడితే అరకు లేదు.

ఈ లెక్క పిల్లవాడే కాగితం మీద వేశాడు. రెండుసార్లు వేశాడు. తరువాత, "శనివారం అరకు పోయి, ఆదివారం ఓడ చూడవచ్చుగా?" అన్నాడు.

"చూడవచ్చు. ఆదివారం ఓడ వస్తే," అన్నాను.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. చివరకు, "తాతా, వచ్చే ఏడు వస్తే నీకు ఓడ కనిపిస్తుందా?" అని అడిగాడు.

"చెప్పలేను నాయనా."

"నాకు అరకు కనిపిస్తుందిలే," అని వాడు జాబితాలో ఆ పేరు మీద గీత గీసేశాడు. గీత వంకరగా వచ్చింది. మేమెవ్వరమూ ఏమీ అనలేదు.

ఇక ఏర్పాటు తేలిక అయిపోయింది. రెండు ఉదయాలూ రేవుకు. వేళలు కచ్చితంగా ఉండేవాటిని ఆ తరువాత సర్దాం. జలాంతర్గామికి ఆదివారం నాడు జనం ఎక్కువ గనక శనివారం మధ్యాహ్నమే వెళదామనుకున్నాం. ఉక్కు కర్మాగారమూ, ఓడల కర్మాగారమూ అనుమతి లేనిదే లోపలికి రానిచ్చేవి కావు. అవి మరోసారికి వదిలాం.

శనివారం పెందలాడే రాస్ కొండ ఎక్కాం. పాతవూళ్ళో, రేవు కాలువ ఒడ్డునే మూడు కొండలున్నాయి. రాస్ కొండ మీద మేరీమాత చర్చి, రెండోదాని మీద దర్గా, మూడోదాని మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఏ దేశపు ఓడ వచ్చినా ఈ మూడింటి ముందు నుంచే లోపలి రేవుకు పోవాలి. కాలువకు అవతలి గట్టున డాల్ఫిన్స్ నోస్ కొండ, డాల్ఫిన్ ముక్కులాగానే సముద్రంలోకి పొడుచుకుని ఉన్నది.

పెద్దనాన్నగారు కొండను చూడగానే పాఠం మొదలుపెట్టారు. "సహజమైన రేవు అంటే ఇదే! నైరుతి గాలివాన నుంచి ఈ కొండే కాపలా. కాని ఇంకొక శత్రువు ఉన్నది. ఏమిటో చెప్పండి?"

పిల్లలు చెప్పలేకపోయారు.

"ఇసుక! నైరుతి ఋతుపవనాలప్పుడు అలలు ఒడ్డు వెంట ఇసుకను ఈశాన్యానికి తోస్తూ ఉంటాయి. ఊరుకుంటే రేవు నోరు పూడిపోతుంది. అందుకని రేవు కట్టినవాళ్ళు రెండు పాత ఓడలను తెచ్చి, కావాలనే ఇక్కడ ముంచారు. అవే గోడలాగా అలలకు అడ్డం నిలబడ్డాయి. చేరిన ఇసుకను డ్రెడ్జర్లు తోడేస్తాయి. ఇలా బురదనేలను తవ్వి తయారుచేసిన రేవులోకి 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ మొట్టమొదట వచ్చింది."

ఆ రోజు ఎండ ఎక్కే దాకా కూర్చున్నాం. చేపల పడవలు పోయాయి, వచ్చాయి. దూరాన నాలుగైదు ఓడలు లంగరు వేసుకుని ఉన్నాయి గాని, ఒక్కటీ కదలలేదు. "రేపున్నదిగా!" అన్నాడు పిల్లవాడు, తాతగారి చెయ్యి పట్టుకుని కొండ దింపుతూ.

మ్యూజియంలో 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి చూశాం. మధ్యాహ్నం కురుసుర ఎక్కాం. దాని పొడవు 91 మీటర్లు. నీళ్ళ అడుగున, కిటికీ అన్నది లేని ఆ గొట్టంలో డెబ్బై అయిదుగురు బతికేవారు. ఒక గదిలోంచి ఇంకొక గదిలోకి గుండ్రటి కంతల్లోంచి వంగి దూరాలి. పెద్దనాన్నగారు బయట ఇసుకలో కూర్చున్నారు. మనవరాలు తిరిగి వచ్చి మంచాల వెడల్పు దగ్గర్నుంచీ వంటగది దాకా ఆయనకు చెప్పింది. "ఇది 1969 డిసెంబరు 18న రీగాలో మన నౌకాదళంలో చేరిందట! 2001లో పని మానేసిందట!" అన్నది.

"రీగా అప్పుడు సోవియట్ యూనియన్‌లో ఉండేది. ఇప్పుడు ఐరోపాలో లాట్వియా దేశానికి రాజధాని," అన్నారు పెద్దనాన్నగారు. పక్కనే ఉన్న విమానం కూడా చూసి, చీకటి పడేదాకా అలల దగ్గర గడిపాం.

ఆదివారం మళ్ళీ రాస్ కొండ. ప్రార్థనకు వచ్చేవాళ్ళు మమ్మల్ని దాటి పోతున్నారు. ఎనిమిదిన్నర అయివుంటుంది, రేవులోంచి ఒక చిన్న లాంచి బయటికి పోయింది. "అది పైలట్ లాంచి కావచ్చు," అన్నాను. బయటి ఓడల నాయకులకు ఈ రేవు లోతుపాతులు తెలియవు. అంచేత రేవు తాలూకు పైలట్ లాంచిలో వెళ్ళి, తాడు నిచ్చెన పట్టుకుని ఓడ ఎక్కి, తానే దారి చూపించి లోపలికి తెస్తాడు. పైలట్ ఎక్కిన ఓడ మీద సగం తెలుపు, సగం ఎరుపు ఉన్న జెండా ఎగరేస్తారు. ఏ దేశంలోనయినా ఇదే గుర్తు.

పిల్లవాడు దుర్భిణి కళ్ళకు పెట్టుకుని పావుగంట దించలేదు. "తెలుపూ ఎరుపూ! తెలుపూ ఎరుపూ!" అని అరిచాడు.

ఓడ నెమ్మదిగా తిరిగింది. ముందొకటి, వెనకొకటి టగ్గులు పట్టుకున్నాయి. మొదట ఆటబొమ్మలాగా ఉన్నది కాస్తా, కాలువలోకి వచ్చేసరికి మా కింద ఒక వీధి కదిలిపోతున్నట్టున్నది. అంత పెద్ద వస్తువు అంత తక్కువ చప్పుడుతో కదలటం నాకే ఎప్పటికప్పుడు ఆశ్చర్యం. పెద్దనాన్నగారికి అది ఒక్కసారిగా చూపులో పట్టలేదు. ఆయన తల ముందు నుంచి వెనక్కు మెల్లిగా తిప్పుతూ, ముక్కూ, క్రేన్లూ, మేడలాంటి గదులూ ఒక్కొక్కటే చూసుకున్నారు. మనవరాలు ఆయన మోచెయ్యి పట్టుకుని, "ఇంకా ఉన్నది తాతా, ఇంకా ఉన్నది," అంటూనే ఉన్నది.

ఓడ వెనకభాగాన దాని పేరూ, దాని కింద అది రిజిస్టరయిన రేవు పేరూ రాసి ఉంటాయి. పిల్లవాడు దుర్భిణిలో కూడబలుక్కుని, "వల్లెట్టా," అని చదివాడు.

"వల్లెట్టా ఏ దేశానికి రాజధాని?" అన్నారు పెద్దనాన్నగారు, ఓడ మీద నుంచి తల తిప్పకుండానే. ఎవరూ చెప్పలేదు. "మాల్టా! మధ్యధరా సముద్రంలో దీవి. ఓడ యజమాని ఎక్కడివాడైనా కావచ్చు. చాలామంది తమ ఓడలను మాల్టాలోనో, పనామాలోనో, లైబీరియాలోనో రిజిస్టరు చేయించుకుంటారు."

ఓడ మలుపు తిరిగి కనబడకుండా పోయాక కూడా ఆయన కాసేపు అక్కడే నిలబడ్డారు. ఆ తరువాత, "ఆకలేస్తున్నది, పదండి," అన్నారు.

మధ్యాహ్నం తొట్లకొండ వెళ్ళాం. సుమారు రెండువేల ఏళ్ళ కిందట బౌద్ధ భిక్షువులు అక్కడ విహారాలు కట్టుకుని, రాతిలో నీటి తొట్లు తొలిచారు. ఆ పేరు అందుకే వచ్చింది. తవ్వకాల్లో రోమను వెండి నాణాలు కూడా దొరికాయి. ఆ మాట వినగానే మనవరాలు వేళ్ళు లెక్కపెట్టి, "రీగా, వల్లెట్టా, రోము! రెండు రోజుల్లో మూడు ఐరోపా రాజధానులు తగిలాయి!" అన్నది.

పదిహేడింటిలో మేం చూసినవి అయిదు. మిగిలిన పన్నెండూ పిల్లవాడు శుభ్రంగా తిరగరాసి, అరకును అన్నిటికన్నా పైన పెట్టి, పుస్తకంలో దాచుకున్నాడు. రైలు కదిలేటప్పుడు కిటికీలోంచి, "దసరాకు వస్తాం చిన్నాన్నా!" అని కేకేశాడు.

మీరూ ఒక పని చెయ్యండి. మీ ఊరికి రెండు రోజులు ఉండేందుకు చుట్టాలు వస్తున్నారనుకుని, ఒక కాగితం మీద ఏర్పాటు రాయండి. ఒక వైపున ఉన్నవి ఒక పూటకు పెట్టండి. వేళలు కచ్చితంగా ఉన్నవి ముందు సర్దండి. వేళ చెప్పలేనివాటికి ఖాళీ వదలండి. కాని ఇదంతా చేసే ముందు, వచ్చేవాళ్ళలో అందరికన్నా పెద్దవారిని, ఆయన ఏం చూడాలనుకుంటున్నారో అడగండి. ఆ సంగతి మీ జాబితాలో ఉండకపోవచ్చు.