ఊ కొట్టగలిగినంత వేగం

"మందులంటే వేసుకుంటానండీ. నడక మాత్రం నావల్ల కాదు. ఒక్కణ్ణే అలా పోతుంటే యార్డు లెక్కలే బుర్రలో తిరుగుతాయి" అన్నాడాయన. గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తా, ఉండేది నల్లపాడులో. నలభై ఏడేళ్ళు. మూడు నెలల షుగర్ సగటు 9.2. జనవరి నుంచి ఏప్రిల్ దాకా టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకాలు, తుమ్ములు తప్ప వేరే లోకం ఉండదు. అంతకు ముందు రెండుసార్లు నడక మొదలుపెట్టి, రెండుసార్లూ పదిహేను రోజుల్లో మానేశాడు.

కాళ్ళకు, గుండెకు, కళ్ళకు ఏమవుతుందో చెప్పి భయపెట్టడం నాకు బాగా వచ్చు. ఆ భయం ఎన్నాళ్ళుంటుందో కూడా తెలుసు. అందుకే ఆరోజు వేరే ప్రశ్న వేశాను, చిన్నప్పుడు ఇంట్లో ఎవరు కథలు చెప్పేవారని. "మా నాయనమ్మ. రేడియోలో ఉషశ్రీగారు" అన్నాడు. ఆకాశవాణి విజయవాడ కేంద్రం నుంచి ఉషశ్రీ చెప్పిన రామాయణ భారతాలు ఇప్పుడు ఫోన్లో దొరుకుతాయి. అవి పెట్టుకుని నడవమన్నాను. షరతు ఒక్కటే: ఇంట్లో వినకూడదు, బస్సులో వినకూడదు, కాళ్ళు కదులుతున్నప్పుడే వినాలి. కథ ఎక్కడ ఆగితే అక్కడే ఆపేసి, మర్నాడు రోడ్డెక్కాకే మళ్ళీ మొదలుపెట్టాలి.

ఇది నా సొంత తెలివి కాదు. కేటీ మిల్క్‌మన్ అనే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆచార్యురాలు, తోటి పరిశోధకులతో కలిసి 2014లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఆపకుండా వినాలనిపించే ఆడియో నవలల్ని ఐపాడ్‌లలో ఎక్కించి, వాటిని జిమ్ములోనే ఉంచేశారు. వినాలంటే జిమ్ముకు రావాల్సిందే. అలా కట్టిపడేసిన వాళ్ళు మొదట్లో మిగతావాళ్ళ కంటే 51 శాతం ఎక్కువసార్లు జిమ్ముకొచ్చారు. తర్వాత పండగ సెలవులు వచ్చాయి, ఆ తేడా కరిగిపోయింది. మన సంక్రాంతి తర్వాత నా పేషెంట్ల సంగతీ అంతే కాబట్టి ఆ రెండో సగం కూడా నేను పూర్తిగా నమ్ముతాను.

గుమాస్తాగారు నడిచాడు. నెలన్నర తిరిగేసరికి మెల్లగా పరుగెత్తడం కూడా మొదలుపెట్టాడు. ఎంత వేగం మంచిదని అడిగితే, "కథకు ఊ కొట్టగలిగినంత" అన్నాను. ఊ కొడుతూ ఒక వాక్యం మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. వైద్యంలో మధ్యస్థ శ్రమకు గుర్తు అదే. ఊ కూడా రావడం లేదంటే వేగం తగ్గించాలి.

ఇక్కడే నేనొక సంగతి మరిచాను. మే నెలలో ఓ పొద్దున ఆయన్ని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు, మాట తడబాటు. షుగర్ 52. పరగడుపున గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకుని బయల్దేరాడు. ఇంటి మలుపు దగ్గరికొచ్చేసరికి కథ లంకాదహనం దాకా వచ్చింది. ఆగబుద్ధి కాలేదు. ఇంకో రెండు కిలోమీటర్లు పోయాడు. కథలో మనసుంటే అలసట తెలియదు, దాని గుణమే అది. ఆ గుణమే వణుకునూ, ఆకలినీ, ఎండదెబ్బ మొదటి సూచననూ కూడా కప్పేస్తుంది. తప్పు నాదే. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో మార్చి చెప్పాల్సింది. ఇప్పుడాయన టిఫినుతోనే మాత్ర వేసుకుంటున్నాడు, జేబులో గ్లూకోజు పొట్లం పెట్టుకుంటున్నాడు. లంక మర్నాటిదాకా ఆగుతుంది.

రెండో కేసు ఓ కుర్రాడు. కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్ల పరుగు సాధన చేస్తూ, చరిత్ర పాఠాలు చెవిలో పెట్టుకుని నరసరావుపేట రోడ్డు వెంట పరుగెత్తేవాడు. చెవి దురద, చీము. లోపల చూస్తే తడిసిన అద్దుడు కాగితంలా ఫంగస్. చెమట పట్టిన చెవిని గంటల తరబడి బిరడాతో మూస్తే వచ్చేది అదే. వాళ్ళమ్మ వెల్లుల్లి నూనె కాచి పోసింది. అమ్మలందరికీ చేతులెత్తి దండం పెడుతున్నా, చెవిలో నూనె పోయకండి. లారీల మోత మీద పాఠం వినబడాలని సౌండు కూడా పెంచేవాడు. 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పది పెరిగితే పదోవంతు! ఫంగస్ మందుకు తగ్గుతుంది. మోతకు పోయిన వినికిడి తిరిగి రాదు.

మూడో కేసు నేనే. పేషెంట్లకు చెప్పి ఊరుకోకుండా నేనూ పరుగు మొదలుపెట్టాను. కిరణ్‌ప్రభగారు కాలిఫోర్నియాలో కూర్చుని మన రచయితల జీవితాలు చెబుతుంటే, దాసుభాషితం ఆడియో యాప్‌లో పాత కథలు చదువుతుంటే, నల్లపాడు చేలగట్ల పక్కన హాయిగా పోతుండేవాణ్ణి. మిరప కోసే చోట, పత్తి తీసే చోట ఆడవాళ్ళ మధ్య ఒకరు చెబుతుంటే మిగతావాళ్ళు ఊ కొడుతూ చేతులాడించడం చూస్తూనే పెరిగాను, కాబట్టి ఇది నాకు కొత్త విద్యేమీ అనిపించలేదు. మా జిల్లా పొన్నెకల్లు నాజర్ బుర్రకథ చెబితే పక్కన ఇద్దరు వంతలు అందుకునేవారు. కథకుడికి ఎదుటివాడి గొంతు వినబడుతుండేది. చెవిలో బిరడా పెట్టుకున్న నాకు మాత్రం ఇంకెవరి గొంతూ వినబడలేదు. ఓ రోజు వెనకనించి ట్రాక్టరు ట్రాలీ హారన్ మీద హారన్ కొట్టినా తెలియలేదు. పాలాయన చెయ్యి పట్టి పక్కకు లాగాడు. "చెవులు ఇంటి దగ్గర పెట్టొచ్చారా డాక్టరుగారూ?" అన్నాడు. మిల్క్‌మన్ అంటే పాలాయనేనని అప్పుడు గుర్తొచ్చి నవ్వుకున్నాను గానీ, మోకాళ్ళు చాలాసేపు వణికాయి.

అప్పటినుంచి ఒక్క చెవికే పెడుతున్నాను, అదీ రోడ్డు అంచు వైపు చెవికి. రోడ్డే కాదు, రైలు భయమూ ఉంది: నల్లపాడు రైల్వే జంక్షన్. ఒక దారి నడికుడి మీదుగా పగిడిపల్లికి, ఇంకోటి నరసరావుపేట మీదుగా నంద్యాల వైపు చీలుతుంది. కరెంటు ఇంజను పాత డీజిలు ఇంజనులా దూరం నుంచే గర్జించదు, పక్కకొచ్చాక గానీ తెలియదు. పొద్దున్నే పట్టాల వెంట చెవుల్లో వైర్లతో నడిచే కుర్రాళ్ళను ఇప్పటికీ చూస్తున్నాను. రైల్వే చట్టం ప్రకారం అది నేరం కూడా. కథ వినండి, రోజూ వినండి. పట్టాల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ ఒక్క చెవిదీ తీసి జేబులో వేసుకోండి.