బొమ్మ ముందా, మాట ముందా?

ఈసారి రాత కాస్త పొడవే. తీరిక చూసుకుని చదవండి, కానీ చివరిదాకా చదవండి.

మన సంఘంలో కుర్రవాళ్ళు మంచి పని తలపెట్టారు. బొగ్గు గనుల కాలనీల్లో, బల్లార్‌పూర్ కాగితం మిల్లు చుట్టుపక్కల మనవాళ్ళు మాట్లాడే తెలుగు మాటల్ని పోగుచేసి విక్షనరీలో ఎక్కిద్దామన్నారు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాం: విక్షనరీ అంటే ఎవరైనా రాయగల, ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ నిఘంటువు. వికీపీడియాకు తోబుట్టువు. అంతవరకు బాగానే ఉంది. మూడు వారాలు గడిచాయి, ఒక్క మాట కూడా ఎక్కలేదు. గ్రూపులో నడుస్తున్నదంతా మన పనికి ఏ లోగో పెట్టాలన్న వాదనే. ఒకరు తెలుగు అక్షరాలే ఉండాలంటారు, ఒకరు తెరిచిన పుస్తకం అంటారు, మరొకరు చంద్రపూర్ కోట అంటారు. నిన్న ఇద్దరు అలిగి గ్రూపు వదిలి వెళ్ళారు కూడా.

ఈ తగవు మనతో మొదలైంది కాదు. విక్షనరీ తన లోగో కోసమే ఏళ్ళ తరబడి ఇలాగే తర్జనభర్జన పడింది. ఆ కథ మనకు పనికొస్తుంది.

ఇంగ్లీషు విక్షనరీ 2002 డిసెంబరులో మొదలైంది. దాని పాత లోగోలో బొమ్మ లేదు. అచ్చు నిఘంటువులో ఒక పేజీ ముక్క కత్తిరించి అతికించినట్టు ఉండేది: విక్షనరీ అన్న మాట, దాని ఉచ్చారణ, దాని అర్థం. మీడియావికీ సాఫ్ట్‌వేర్ పని చేసినవారిలో ఒకరైన బ్రయాన్ విబర్ దాన్ని తయారుచేశారు. నిఘంటువుకి నిఘంటువు పేజీయే గుర్తు, సబబుగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, అది ఉత్త రాత కాబట్టి ప్రతి భాషకీ వేరుగా మళ్ళీ రాసుకోవాలి. అప్పుడు అన్ని భాషల విక్షనరీలకూ ఒకే గుర్తు ఎలా ఉంటుంది?

అందుకని 2006 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో నాలుగు దశల్లో పోటీ పెట్టారు. మూడు వరసలు, వరసకు మూడు, మొత్తం తొమ్మిది చెక్క బిళ్ళలు, ఒక్కో బిళ్ళ మీద ఒక్కో లిపి అక్షరం ఉన్న బొమ్మ గెలిచింది. కొన్ని భాషలవాళ్ళు పెట్టుకున్నారు. కానీ రోజూ విక్షనరీలో కూర్చుని మాటలు రాసేవాళ్ళు ఆ ఓటింగులో అనుకున్నంతగా పాల్గొనలేదు. దాంతో పెద్ద విక్షనరీలు కొన్ని పాత రాత లోగోనే ఉంచుకున్నాయి. 2009 ఏప్రిల్‌లో మళ్ళీ పోటీ. ఈసారి తెరిచిన నిఘంటువు బొమ్మకీ, పాత బిళ్ళల బొమ్మకీ ముఖాముఖి ఓటు పెడితే పుస్తకం గెలిచింది. గెలిచాక దాన్ని తీర్చిదిద్ది అమలు చేసే పని మధ్యలో ఆగిపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. 2012లో 55 విక్షనరీలకు వాళ్ళ వాళ్ళ భాషలో పేరు రాసిన బిళ్ళల లోగో వచ్చింది. 2016 జులైలో ఇంగ్లీషు విక్షనరీ కూడా బిళ్ళల బొమ్మనే కొద్ది మార్పుతో తీసుకుంది. ఆ నెల లెక్క ప్రకారం బిళ్ళలు పెట్టుకున్నవి 135, రాత లోగో ఉంచుకున్నవి 33, పుస్తకం పెట్టుకున్నవి మూడు. ముఖాముఖి ఓటులో గెలిచిన బొమ్మకి దక్కినవి మూడే! ఓటు లెక్కపెట్టినంత మాత్రాన గుర్తు నిలవదు. పనిచేసేవాళ్ళు తమదనుకుని గుమ్మానికి తగిలించుకుంటేనే నిలుస్తుంది.

మా వరకు చెప్పాలంటే, రాత లోగో మీద మాకు కొంచెం బెరుకు. మా ఇంట్లో ఇద్దరమూ తమిళ మీడియంలో చదివినవాళ్ళమే. అమ్మ నోట విన్నది తెలుగు, పలక మీద దిద్దింది తమిళం. రైల్వే గుమాస్తా ఉద్యోగం మమ్మల్ని ఈ ఊరికి తెచ్చాకే తెలుగు చదవడం నేర్చుకున్నాం. సికింద్రాబాదు వైపు నుంచి వచ్చే బళ్ళలో ఎవరో వదిలేసిన పత్రికలు, గోడ మీద క్యాలెండరు, అవే మా బడి. తమిళంలో ఒక్క 'క' తో క, ఖ, గ, ఘ నాలుగూ గడిచిపోతాయి. తెలుగులో నాలుగూ వేరు. 'గడప' అని కూడబలుక్కోవడానికి మాకు ఎంత సేపు పట్టిందో! మన కాలనీ పిల్లలు ఈరోజు అదే స్థితిలో ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, ఇంగ్లీషు. రాత లోగో వాళ్ళకు మూసిన తలుపు. ఒక్కో బిళ్ళకు ఒక్కో అక్షరం అంటే వాళ్ళు అందుకోగలరు. ఇది మా అభిప్రాయం మాత్రమే, కోట అన్నవాళ్ళ మీద కోపం లేదు.

ఎందుకంటే లోగో కన్నా ముందు చేయాల్సిన పని ఉంది. ఒక్క కూరగాయ తీసుకోండి. మా ఇంట్లో సొరకాయ. కోస్తా నుంచి వచ్చినవాళ్ళు ఆనపకాయ అంటారు. తెలంగాణ నుంచి గనులకు వచ్చిన కుటుంబాల్లో పెద్దవాళ్ళు ఆనిగెపుకాయ అంటారు. మేము చదువుకున్న తమిళంలో సురైక్కాయ్. ఇక్కడి బజారులో దూధీ. మన పిల్లలకు చివరిదొక్కటే తెలుసు. మిగతావి పెద్దవాళ్ళతోనే పోతాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతులు వాడే మాటల్ని ఊళ్ళ నుంచి సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం 1962లోనే వచ్చింది. చంద్రపూర్ తెలుగుకి అలా ఎవరో వస్తారని కూర్చుంటే కుదరదు. విక్షనరీ మన చేతిలోనే ఉంది.

ఇంకొక్క సంగతి. 'మేము' అంటే ఎదుటివాళ్ళు లేకుండా, 'మనం' అంటే ఎదుటివాళ్ళతో కలిపి. తమిళంలోనూ నాంగళ్, నామ్ అని ఈ తేడా ఉంది. మరాఠీలో ఆమ్హీ, ఆపణ్ అని ఉంది. హిందీలో 'హమ్' ఒక్కటే, ఇంగ్లీషులో 'వీ' ఒక్కటే. ఇంత చక్కటి తేడా ఉన్న మూడు భాషల మధ్య బతుకుతున్నాం. అయినా లోగో వాదనలో వినిపించినదంతా "మేము చెప్పిందే" అన్నదే. మనం అన్నవాళ్ళు ఎంతమంది?

కాబట్టి మా మనవి ఇది. లోగో మాట ప్రస్తుతానికి పక్కన పెడదాం. ఇంటికి పది మాటలు. అర్థం, ఎవరింట వాడతారు, ఏ ఊరి నుంచి వచ్చింది, ఇంతే రాయండి. టైపు చేయడం రానివాళ్ళు వాయిస్ మెసేజ్ పెట్టండి, పిల్లలు ఎక్కిస్తారు. అయిదు వందల మాటలు పూర్తయిన రోజు, మాట ఇచ్చిన ప్రతి ఇంటికీ ఒక ఓటు. ఆరోజు కోట గెలిచినా మేము చప్పట్లు కొడతాం. అలిగి వెళ్ళిన ఆ ఇద్దరు తమ్ముళ్ళూ తిరిగి రావాలి. వాళ్ళ ఇళ్ళలో మామ్మలు ఉన్నారు, మాటలు ఎక్కువ ఉన్నది అక్కడే.

మా ఇంటి నుంచి మొదటి మాట సొరకాయ. రెండోది మీరు రాయండి.